కుడిపక్క జేబు

బెంగుళూరు దండు,
1943 ఫిబ్రవరి 14

నబీసక్కకు తమ్ముడు హజరత్ వలి సలాములు. అమ్మకు, ఖాసిం బావకు కూడా చెప్పు.

పటాలంలో చేరి ఇరవై రోజులైంది. ఒళ్ళంతా నొప్పులే గానీ మనసు మాత్రం ఉరుసులో తిరుగుతున్నట్టుంది. ఇక్కడి వింతలు ఏమని రాయను? గోడకు ఇత్తడి పిడి ఉంటుంది, తిప్పితే నీళ్ళు పడతాయి. నా పక్క మంచం ఆలూరు తిమ్మన్నది. వాళ్ళ ఊళ్ళో ఎండాకాలం వస్తే కడవ నీళ్ళకు రెండు మైళ్ళు నడుస్తారట. మొదటి రోజు ఇద్దరం ఆ పిడి తిప్పుతూ, మూస్తూ అక్కడే నిలబడిపోయాం. తిమ్మన్న దోసిలి పట్టి, "ఎవురినీ అడిగే పనే లేదా అప్పా?" అన్నాడు. తాగలేదు, ఊరికే ఆ నీళ్ళను చూస్తున్నాడు. హవల్దారు వచ్చి ఇద్దరినీ తిట్టి మైదానం చుట్టూ నాలుగుసార్లు పరుగెత్తించాడు.

పొద్దున్నే కవాతు. ఎనిమిది వందల మంది ఒక్కసారిగా కాలు దింపితే నేల అదురుతుంది. ఆ అదురు అరికాలి నుంచి గొంతుదాకా వస్తుంది. ఆ ఎనిమిది వందల కాళ్ళలో ఒకటి ఆత్మకూరు దూదేకుల హుసేన్ సాహెబ్ కొడుకుది అనుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాయిన ఉండి చూసుంటే బాగుండేది.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. కర్నూలులో పేరు రాయించుకునే రోజు నా ముందు నిలబడినవాడు, దూదేకేవాళ్ళ రొమ్ములో దూది చేరి ఉంటుందని పటాలంవాళ్ళు వెనక్కి పంపుతారని చెప్పాడు. నేను భయపడి, నీ వృత్తి ఏమిటంటే సేద్యం అన్నాను. మనకు సెంటు భూమి లేదని వాళ్ళకేం తెలుసు. టేపుతో రొమ్ము కొలిచారు, తూకం వేశారు, పళ్ళు చూశారు, గెంతించారు. నాలుగు వందల మంది వరుసలో ఉన్నారు, గొట్టం పెట్టి వినే తీరిక ఎవరికీ లేదు. నేను గెలిచాను.

ఇక్కడిచ్చిన చొక్కాకు రెండు జేబులు, ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి. అమ్మ కుట్టిన చొక్కాలన్నిటికీ కుడిపక్కే కదా జేబు. నాది ఎడమచేతి వాటం కాబట్టి అలా కుట్టేదేమో. అమ్మ ఇచ్చిన తాయెత్తు అలవాటుకొద్దీ కుడి జేబులోనే పెట్టుకున్నానని చెప్పు.

రంజాన్ పండగ అయ్యాక నెల రోజులు సెలవిస్తామన్నారు. గుల్షన్‌తో నా నిఖా అప్పుడే పెట్టుకోమని ఇమాం బాషా మామకు చెప్పు. సిపాయి బట్టల్లో ఒక్కసారి ఆ పిల్ల ముందు నిలబడితే చాలు, ఆ తర్వాత యుద్ధానికి పంపినా పోతాను.

నీ తమ్ముడు,
వలి


ఆత్మకూరు,
1943 మార్చి 9

తమ్ముడు వలికి నబీసా దీవెనలు.

సేద్యగాడివైతివి, సంతోషం. ఎన్ని ఎకరాలు రాయించావు? మీ బావ నీ ఉత్తరం విని, ఈ ఏడాది కందులు నీ పొలం నుంచే తెచ్చుకుందామని నవ్వుతున్నాడు. దూదేకే మన విల్లు మోసి మోసి కాయలు కాచిన భుజం నీది. ఆ భుజాన్ని ఎక్కడ దాచి పెట్టుకున్నావో నాకు తెలియదు. అబద్ధం ఆడినందుకు కాదు నా కోపం, నాయిన పని పేరు చెప్పడానికి జంకినందుకు.

మైదుకూరు నుంచి మామ వచ్చిపోయాడు. మా అల్లుడు సిపాయి అని బజారులో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడట. గుల్షన్ నీ పెండ్లి చొక్కా తన చేత్తోనే కుట్టాలని పట్టుబట్టిందట, దర్జీకి ఇయ్యనంటున్నదట. కొలతకు నీ చొక్కా అడిగాడు. నువ్వు ఉన్నవన్నీ మూటగట్టుకుపోతివి, మీ బావ చొక్కా ఇచ్చి పంపించాను. మీ ఇద్దరి ఒళ్ళూ ఒకటే కొలత.

అమ్మ సంగతి ఒకటి రాయాలి. నీ ఉత్తరం చదువుతుంటే విల్లు ఆపి వింటున్నది. నీళ్ళ సంగతి విన్నది, కవాతు సంగతి విన్నది. అంతా అయ్యాక, "గొట్టం పెట్టలేదంట కదా? ఇంకా ముందుకు పెడతారా?" అని అడిగింది. నాకేం తెలుసన్నాను. "పెడితే యా పక్క పెట్టినారో రాయమను" అన్నది. ఎందుకమ్మా అంటే మళ్ళీ విల్లు అందుకున్నది. ఈమె మనసులో ఏముందో నాకు అంతుపట్టలేదు. నువ్వు మాత్రం జవాబు రాయి, లేకుంటే నన్ను రోజూ అడుగుతుంది.

వేళకు తిను. జ్వరమొస్తే దాచకు.

నీ అక్క,
నబీసా


బెంగుళూరు, దండు ఆసుపత్రి,
1943 ఏప్రిల్ 21

నబీసక్కకు,

జ్వరమొస్తే దాచకన్నావు కదా, దాచడం లేదు. చలిజ్వరం వచ్చి ఆసుపత్రిలో వేశారు, తగ్గిపోయింది కూడా. కంగారు పడొద్దు. జ్వరంకంటే పెద్ద పని ఒకటి చేశాను, అది చెబుతాను.

ఇక్కడి పరుపులో దూది అంతా ఉండలు కట్టింది, అక్కా. పడుకుంటే వీపుకింద రాళ్ళు పరిచినట్టు ఉంది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు జ్వరం దిగగానే నా చేతులు నా మాట వినలేదు. తోటమాలి దగ్గర వెదురుబద్ద అడుక్కున్నాను, బంతాటవాళ్ళ దగ్గర తెగిపోయిన బ్యాటు నరం దొరికింది. విల్లు కట్టాను. పరుపు కుట్లు విప్పి వరండాలో దూది ఏకుతూ కూర్చున్నాను. ఆ శబ్దం విని వార్డంతా లేచి వచ్చింది. దూది మోకాలెత్తు లేచింది. కాలు విరిగిన సిపాయి ఒకడు ఒంటికాలి మీద నిలబడి అలా చూస్తూనే ఉన్నాడు.

పెద్ద డాక్టరు దొర వచ్చాడు. శిక్ష పడుతుందనుకున్నాను. ఆయన వంగి దూదిని చేత్తో తాకి చూసి, ఈ పని ఎక్కడ నేర్చావని కంపౌండరు చేత అడిగించాడు. నీ ఉత్తరం గుర్తొచ్చింది. మా నాయిన దగ్గర, మా తాత దగ్గర, మేము దూదేకులవాళ్ళం అని చెప్పేశాను. దొర కాగితం తిరగేసి చూసి, దాంట్లో సేద్యమని ఉందే అన్నాడు. తల దించుకున్నాను. అయితే నీ రొమ్ము వినాలి, దూది చేరి ఉంటుంది అని గొట్టం తీశాడు.

చాలాసేపు విన్నాడు. దూదేమీ లేదన్నాడు. ఇంకా ఏవో పరీక్షలు చేస్తారట. అంతకంటే రాయడానికేమీ లేదు. అమ్మకు జవాబు చెప్పు, రెండు పక్కలా పెట్టాడు.

వలి


కడప, దాసన్న దూది అంగడి,
1943 జూలై 20

అక్కకు,

ఈ కార్డు చూసి ఆశ్చర్యపోవద్దు. నేను కడపలో ఉన్నాను. పటాలం వదిలేశాను. పారిపోలేదు, వాళ్ళే పంపించేశారు. ఒళ్ళు పనికిరాదన్నారు. గుల్షన్‌కు వేరే సంబంధం చూసుకోమని మామకు చెప్పండి. కారణం అడగొద్దు. అమ్మకు తిండికి లోటు లేకుండా చూసుకో.

వలి


ఆత్మకూరు,
1943 ఆగస్టు 3

వలీ,

కారణం అడగొద్దా? అడుగుతాను. మూడు నెలలు నీ జాడ లేదు. నేను రాసిన రెండు ఉత్తరాలూ తిరిగొచ్చాయి. సంతలో ఒకడు నువ్వు తుపాకీ వదిలి పారిపోయావన్నాడు. మీ బావ జీవితంలో మొదటిసారి ఒకరి గల్లా పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ నువ్వు ఆరు ఊళ్ళ అవతల పరుపులు కుడుతున్నావా?

మామ నీ కార్డు విని అరుగు మీద కూలబడిపోయాడు. "మావల్ల తప్పేమన్నా జరిగిందేమో అడుగమ్మా" అన్నాడు. తప్పు ఆయనదా? తల ఎత్తుకుని తిరిగే మనిషి చేత ఆ మాట అనిపించావు. గుల్షన్ ఏమన్నదో నాకు తెలియదు, ఆయన చెప్పలేదు. రంజాన్ ఇంకా నెల లేదు. పండగైన వారానికి నిఖా అని ఊరంతా తెలుసు. ఒద్దనుకుంటే ఎందుకు ఒద్దో ఆ పిల్లకు తెలియాలి.

ఇంకొక సంగతి. గొట్టం రెండు పక్కలా పెట్టాడని రాశావే, అది చదివి వినిపించిన రోజు అమ్మ చేతిలో విల్లు జారిపడింది. అమ్మ చేతిలోంచి విల్లు జారడం నేను పుట్టి చూడలేదు. అప్పటినుంచి నమాజులో కూర్చుంటే లేవడం లేదు. ఏమిటని అడిగితే, "వానినే చెప్పనీ, ఆనెంక నేను చెప్తా" అంటుంది. మీ ఇద్దరి మధ్యలో నేను నలుగుతున్నాను.

ఉన్నది ఉన్నట్టు రాయి. రోగమైతే రోగమని రాయి. లేకుంటే నేనే బొగ్గుతో నడిచే బస్సెక్కి కడపకు వచ్చి, ఆ అంగడి ముందర నిలబడి అరుస్తాను.

నబీసా


కడప,
1943 ఆగస్టు 19

అక్కా,

నువ్వు వచ్చి అరిచేదానివే. అందుకే రాస్తున్నాను. అమ్మకు చదవాలో వద్దో నువ్వే చూసుకో.

ఆ రోజు దొర ముందు ఎడమపక్క గొట్టం పెట్టాడు. విన్నాడు, జరిపాడు, మళ్ళీ విన్నాడు. గొట్టం తీసి వేలితో తట్టి చూశాడు. అది చెడిపోయిందనుకుని కంపౌండరు చేత ఇంకొకటి తెప్పించాడు. దానితోనూ ఎడమపక్కే విన్నాడు. ఆ తర్వాత మెల్లగా కుడిపక్కకు జరిపాడు. అక్కడ ఆగిపోయాడు. ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. అంత పెద్ద దొర నోరు తెరిచి, చిన్నపిల్లవాడిలాగా నన్ను చూశాడు.

నా గుండె కుడిపక్క ఉందక్కా.

నేను అందరికీ అక్కడే ఉంటుందనుకున్నాను. పరుగెత్తినప్పుడు నాకు కుడిపక్క కొట్టుకుంటుంది, నీకూ అక్కడే కొట్టుకుంటుందనుకున్నాను. ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పమంటే నేను కుడిపక్కే వేసుకునేవాణ్ణి, నా ఎడమచేయి అక్కడికే పోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై రెండేళ్ళు నా గుండె ఎక్కడుందో నాకు తెలియకుండా బతికాను.

మరుసటి రోజు నన్ను చీకటి గదిలోకి తీసుకుపోయి, చల్లటి పలకకు రొమ్ము ఆనించి నిలబెట్టారు. ఏదో యంత్రం గురగురలాడింది, అంతే. ఆ తర్వాత నల్లటి రేకు ఒకటి కిటికీ వెలుగుకు పెట్టి చూపించారు. అది నేను. లోపలి నేను. నా పక్కటెముకలు వరుసగా ఇంటి వాసాల్లాగా ఉన్నాయి. వాటి మధ్య తెల్లగా గుండె. పక్కనే ఇంకొక సిపాయి రేకు పెట్టారు. వాడి గుండె ఒకవైపు ఒరిగింది, నాది ఇంకోవైపు ఒరిగింది. చచ్చి మట్టయ్యాక కూడా ఎవరూ చూడలేనిది నేను బతికి ఉండి చూశాను. భయం తర్వాత వచ్చింది. ముందు మాత్రం, అల్లా సాక్షిగా, ఆ రేకు మీద వేలు పెట్టి తడిమి చూశాను.

ఆ తర్వాత రోజూ డాక్టర్లు వచ్చేవాళ్ళు. ముప్పై మందికి తక్కువ కాదు. ఒక్కొక్కరే గొట్టం పెట్టి విని లేచేవాళ్ళు. మసీదులో నడిచినట్టు మెల్లగా నడిచేవాళ్ళు. తిమ్మన్న చూడటానికొచ్చి, నమ్మక, చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండి, "ఈడ కొట్టుకుంటాండాది కదప్పా. నిన్ను ఎవురు చేసినారో గానీ, శానా నింపాదిగా చేసినారు" అన్నాడు.

జూన్ నెలలో కాగితం చేతికిచ్చారు. కంపౌండరు అరవంలో, చేతుల సైగలతో చెప్పింది నాకు అర్థమైంది ఇంతే. నీ గుండె ఉండాల్సిన చోట లేదు, పటాలానికి పనికిరావు, ఇన్నేళ్ళు బతకడమే గొప్ప. ఊరికే బతికేవాడి కోసం ముప్పై మంది డాక్టర్లు రారు కదక్కా. వాళ్ళు పోయేవాణ్ణి చూడటానికి వచ్చారని నాకు అప్పుడు తెలిసింది. ఎప్పుడు ఆగుతుందో తెలియని గుండెతో గుల్షన్‌ను కట్టుకుని, ఆ పిల్లను ఆరు నెలలకు ఒంటరిదాన్ని చెయ్యమంటావా? నాకు ఆమె అంటే ఇష్టం లేక కాదు. ఇష్టం కాబట్టే ఒద్దంటున్నాను.

డిశ్చార్జి కాగితం దీనితో పంపుతున్నాను. అంతా ఇంగ్లీషు. చదివించుకునే ధైర్యం నాకు లేదు. ఇంకా ఎన్ని నెలలో అందులో రాసే ఉంటారు. నువ్వు చదివించుకో, నాకు మాత్రం చెప్పొద్దు.

వలి


ఆత్మకూరు,
1943 సెప్టెంబరు 12

నా బంగారు తమ్ముడికి,

చెప్పొద్దన్నావు. చెబుతాను, పూర్తిగా చదువు. కూర్చుని చదువు.

నీ ఉత్తరం మొదట నేనొక్కదాన్నే చదువుకున్నాను. చదివి, నా రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. మీ బావ రొమ్ముకు చెవి ఆనించి చూశాను, ఆయన నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. ఆ తర్వాత అమ్మ దగ్గరికి పోయాను. నోరు తెరవకముందే, "కుడిపక్క అని తెలుసుకున్యారా?" అన్నది.

అమ్మకు తెలుసు, వలీ. నువ్వు పుట్టిన తొమ్మిదో రోజు నుంచి తెలుసు.

నిన్ను రొమ్ము మీద వేసుకుని పడుకుంటే చప్పుడు అవతలి పక్కనుంచి వినిపించిందట. మన పని నీకు తెలుసు కదా, కళ్ళతో చేసేది కాదు, చెవితో చేసేది. దూదిలో ఉండ ఎక్కడుందో నరం పలికినప్పుడు చెవికే తెలుస్తుంది. ఇరవై ఏళ్ళు విల్లు విన్న చెవి ఆమెది. అప్పుడు నాకు నాలుగేళ్ళు. నన్నూ నిన్నూ ఒళ్ళో వేసుకుని ఇటు ఒక చెవి, అటు ఒక చెవి పెట్టి విన్నదట. అయినా నమ్మలేక, నెల రోజులు వీధిలో పిల్లలందరినీ పిలిచి ఎత్తుకునేది. "మదార్ బీకి పిల్లలంటే ఎంత ప్రేమ అని అందరూ మెచ్చుకునిరి. నేను యాడ ముద్దు చేసినా? వాళ్ళ గుండె చప్పుడు ఇంటాంటి" అన్నది. నేను నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను.

నాయినకు కూడా చెప్పలేదట. ఎందుకమ్మా అని అడిగాను. "చెప్తే చూసేదానికి వస్తారు. వచ్చే కండ్లన్నీ బిడ్డకు మంచివా?" అన్నది. అందుకే నీ చొక్కాలన్నిటికీ కుడిపక్క జేబు. తాయెత్తు గుండె మీదనే ఉండాలని. ఇరవై రెండేళ్ళు, ఎన్ని చొక్కాలు కుట్టిందో, ఒక్కరికీ అనుమానం రాకుండా కుట్టింది. ఆమె పక్కనే కూర్చుని నేను గుండీలు కుట్టాను, నాకూ తెలియలేదు. ఆ రోజు నుంచి అమ్మను చూస్తుంటే ఈమె మన అమ్మేనా అనిపిస్తున్నది.

ఇప్పుడు కాగితం సంగతి. మిషన్ బడి దావీదురాజు అయ్యవారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఒకసారి చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "ఇతని గుండె కుడిపక్క ఉంది. కాలేయం ఎడమపక్క ఉంది. లోపలివన్నీ అటువి ఇటు, ఇటువి అటు ఉన్నాయి. అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. రోగం లేదు. అందరిలాగే బతుకుతాడు. అయితే యుద్ధంలో గాయపడితే కోసే డాక్టరు పొరబడి ప్రాణం తీస్తాడు కాబట్టి పటాలానికి పనికిరాడు." విన్నావా? అందరిలాగే. నేను అయ్యవారి చేత ఆ మాట మూడుసార్లు చదివించుకున్నాను.

అడుగున దొర చేత్తో రాసింది ఇంకొకటి ఉంది. తన ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటి మనిషిని చూడటం ఇదే మొదలట. ఆసుపత్రిలో మెత్తటి పరుపు చూడటం కూడా ఇదే మొదలట. వాళ్ళు పోయేవాణ్ణి చూడటానికి రాలేదు, మొద్దూ. వింతను చూడటానికి వచ్చారు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. రోజా ఉండి కూడా మొన్న బస్సెక్కి మైదుకూరు పోయాను. మామ ముందు, గుల్షన్ ముందు అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. మామ ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. గుల్షన్ లేచి లోపలికి పోయింది. నా ప్రాణం పోయినంత పనైంది. మరుసటి రోజు నేను బయలుదేరేటప్పుడు ఈ మూట చేతికిచ్చి, "నువ్వు ఇప్పొద్దు ఒదినా, ఆయన్నే ఇప్పమను" అన్నది. ముఖం చూసి మనసు కనుక్కుందామంటే కొంగు అడ్డం పెట్టుకుంది. నేను విప్పలేదు, నన్ను ఇక్కడ దిగబెట్టి కడప పోతున్న మామ మనిషి చేత పంపుతున్నాను. లోపల ఏముందో, అది అవునో కాదో నాకూ తెలియదు. ఏదైనా సరే తట్టుకో.

నీ అక్క


కడప,
1943 సెప్టెంబరు 16

నబీసక్కకు,

మూట అందింది. దాసన్న అంగడిలో దూది బస్తా మీద కూర్చుని విప్పాను.

పెండ్లి చొక్కా. తెల్లటి మల్లు గుడ్డ. తిప్పి పంపిందేమో, ఇంతటితో సరి అని చెప్పిందేమో అనుకున్నాను. విదిలించి వెలుగుకు పట్టుకుని చూశాను.

ఎడమపక్క రొమ్ము మీద సూది రంధ్రాలు ఉన్నాయి అక్కా. నాలుగు మూలలుగా, జేబంత మేర. బావ చొక్కా కొలత చూసి అక్కడ జేబు కుట్టి ఉంటుంది కదా. దాన్ని ఒక్కో కుట్టు విప్పేసింది. గుడ్డ చిరగకుండా, దారం తెగకుండా విప్పింది. విప్పి అదే జేబును కుడిపక్క కుట్టింది. నువ్వు చెప్పిన రోజే, ఒక్క మాట కూడా అడగకుండా, లోపలికి పోయి చేసిన పని ఇదే.

ముప్పై మంది డాక్టర్లు నా గుండె విన్నారు. యంత్రం పెట్టి బొమ్మ తీశారు. అంత చేసి నేను పనికిరానని రాశారు. ఆ పిల్ల వినలేదు, చూడలేదు. ఎక్కడుందో తెలిసింది, అక్కడ జేబు కుట్టింది. దాసన్న వచ్చి ఏమప్పా ఏడుస్తాండావు అంటే దూది పడిందన్నాను.

చొక్కా తొడుక్కున్నాను. తాయెత్తు ఆ జేబులో పెట్టాను, సరిగ్గా కొట్టుకునే చోటే కూర్చుంది. రేపు జుమ్మా నమాజు అయ్యాక మైదుకూరు బస్సెక్కుతాను. మామ కాళ్ళకు దండం పెట్టి, ఇకమీదట నా గురించి ఎవరు అడిగినా అల్లుడు దూదేకులవాడనే చెప్పమంటాను.

అమ్మకు చెప్పు, ఆమె విన్నది సరిగ్గానే విన్నదని.

నీ తమ్ముడు,
హజరత్ వలి